బొగ్గులు రాజుకునేదాకా

నేను ఒక బొగ్గుల ఇస్త్రీ పెట్టెను. ఇత్తడి ఒళ్ళు, టేకు పిడి, ఆరు కిలోల బరువు. మూత గొళ్ళెం మీద వేలెడంత కోడిపుంజు ఒకటి నిలబడి ఉంటుంది. అందం కోసం పెట్టారని చూసినవాళ్ళంతా అనుకుంటారు కానీ, నిజానికి అది చెయ్యి కాలకుండా మూత ఎత్తడానికి. నా గురించి నేనే చెప్పుకోవడం కొంచెం ఎబ్బెట్టుగానే ఉంది. అయినా చెప్పక తప్పదు, ఎందుకంటే ఇత్తడి పెట్టెల కథలు రాసిపెట్టే ఓపిక ఎవరికీ లేదు.

శ్రీకాకుళం దగ్గర కంచరివాళ్ళ ఊళ్ళో అప్పలాచారి అనే ఆయన నన్ను పోతపోశాడు. మట్టి అచ్చు ఆరడానికి మూడు రోజులు పట్టింది. పోత చల్లారడానికి ఒక రోజు, ఆకురాయితో నా అడుగు నున్నగా రుద్దడానికి మరో రెండు రోజులు. మధ్యలో ఆయన మేనకోడలి పెళ్ళి వస్తే నన్ను గడప పక్కన వదిలేసి వారం రోజులు వెళ్ళి వచ్చాడు. వచ్చాక నా అడుగు మీద అరచెయ్యి వేసి నిమిరి, "ఇంకా గరుగ్గా ఉన్నాది" అని మళ్ళీ మొదలుపెట్టాడు. అలా పుట్టినదాన్ని నేను, అందుకే నేను వేడెక్కాలంటే ఇప్పటికీ అరగంట పడుతుంది.

కానీ నా మొదటి కాపురం విశాఖపట్నంలో పడింది. జోగారావు గారి మెరుపు లాండ్రీలో. పొద్దున ఇచ్చిన బట్ట మధ్యాహ్నానికి, మధ్యాహ్నం ఇచ్చింది సాయంత్రానికి అని బయట బోర్డు ఉండేది. లోపల గదిలో మేము ఎనిమిది పెట్టెలం, ఎనిమిది మంది మనుషులు. వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోగా నేను వినలేదు. జోగారావు గారు గోడ గడియారం కింద నిలబడి "ఇంకా ఎంతసేపు?" అనేవారు. ఆయన దగ్గర పదకొండేళ్ళు ఉన్నాను. ఆయన నోట వేరే మాట విన్న గుర్తు లేదు.

ఏ చొక్కా ఎవరిదో మాకు తెలిసేది కాదు. చొక్కాలకు అంకెలు ఉండేవి, అంతే. ఒకసారి ఆ తొందరలో ఒక పెళ్ళికొడుకు చొక్కా వీపు మీద నా అడుగు అచ్చులా దిగిపోయింది. ముహూర్తం దగ్గరపడిందని ఆయన దానిమీదే కోటు వేసుకుని పీటల మీద కూర్చున్నాడట. రోహిణీ కార్తెలో పెళ్ళి అది. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ జాలేస్తుంది.

తరవాత కరెంటు పెట్టెలు వచ్చాయి. మా ఎనిమిదింటినీ గోనెసంచిలో కట్టి పాత సామాన్ల కొట్టుకి పంపేశారు. అక్కడ చిల్లుల బిందెల మధ్య, నన్ను కరిగించేవాడి కోసం ఎదురుచూస్తూ ఉండగా అసిరయ్య కంటపడ్డాను. అసిరయ్యది సాలూరు. లారీ డ్రైవరు. ఇంటి దగ్గర భార్య సూరమ్మకి ఇస్త్రీ బండి ఉంది. ఆమె పాత ఇనప పెట్టె అడుగు చిల్లుపడి బట్టల మీద రవ్వలు రాలుతున్నాయట. అసిరయ్య నన్ను లారీ కేబిన్‌లో పక్క సీటు మీద కూర్చోబెట్టి, కుదుపులకు పడిపోకుండా తువ్వాలుతో కట్టాడు. దారిలో టీకి ఆగిన ప్రతిచోటా నన్ను పదిమందికీ చూపించి "మా ఇంటిదానికి" అని చెప్పాడు. నాకు జరిగిన ఊరేగింపు అదొక్కటే.

సాలూరు లారీల ఊరు. అంత పెద్ద చక్రాలున్న ఊరు పరుగులు పెడుతుందేమో, మళ్ళీ నా ప్రాణం తీస్తారేమో అని దారంతా భయపడ్డాను. అదేమీ లేదు. రాయపూరు దాకా దూకించి వచ్చిన డ్రైవర్లు ఊళ్ళో అడుగుపెట్టగానే లుంగీ కట్టి, రెండు వీధుల దూరానికి ముప్పావుగంట నడిచేవారు. ఎదురైన ప్రతి ఇంటి ముందూ ఆగి మాట్లాడితే అంతే పడుతుంది మరి. ఊరి పక్కన పారే ఏటికి వేగావతి అని పేరు పెట్టారు. వానాకాలం వెళ్ళిపోయాక అది కదులుతోందో లేదో గట్టు మీద కూర్చుని చూసి తేల్చుకోవాలి. పడమటి వైపు కొండలు. వాటి మీద మబ్బు దిగితే సూరమ్మ గంజి పెట్టిన చీరలు ముందుగా ఆరేసేది.

మా బండి కానుగ చెట్టు కింద ఉండేది. పక్కనే ఒక పాత లారీ సీటు. అసిరయ్య ఎప్పుడో లారీ మార్చినప్పుడు ఊడదీసి తెచ్చి నాలుగు ఇటుకల మీద పెట్టాడు. బట్టలిచ్చేవాళ్ళు, తీసుకునేవాళ్ళు, ఏ పనీ లేనివాళ్ళు దాని మీదే కూర్చునేవారు. ఎదురుగా చిన్నంనాయుడి స్పేర్ పార్టుల కొట్టు. ఆయన ఒకప్పుడు డ్రైవరు, అసిరయ్యకి గురువు. కొట్టులో బేరాలు ఉన్నా లేకపోయినా పొద్దున్నే పేపరు తెచ్చుకుని ఈ సీటు మీద కూర్చుని పైకి చదివేవాడు. చావు వార్తలు, వర్షం వార్తలు, సినిమా వార్తలు అన్నీ ఒకే గొంతుతో చదివేవాడు.

ఎనిమిది దాటాక సూరమ్మ నాలో కొబ్బరి చిప్పల బొగ్గులు పోసి, పైన నిప్పు పెట్టి, విసనకర్రతో విసిరేది. నా అడుగు కాలడానికి అరగంట. ఈ అరగంటలో ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఎంత పెద్ద ఆఫీసరైనా సీటు మీద కూర్చోవాల్సిందే. ఆ కాసేపట్లో కుదిరిన సంబంధాలున్నాయి, మానేసిన పోట్లాటలున్నాయి. అవన్నీ నా గొప్పే అని చెప్పుకోవాలని ఉంది కానీ, నేను చేసిందల్లా కాలకుండా కూర్చోవడమే.

సూరమ్మ బట్టలు చూసి ఇళ్ళు చదివేది. ఒక ఇంటి నుంచి పట్టుచీర ఒక్కటే వస్తే ఎవరో పిల్లని చూడ్డానికి వస్తున్నారన్నమాట. దుప్పట్లు ఎక్కువైతే చుట్టాలు. రోజూ వచ్చే తెల్ల చొక్కా మూడు రోజులు రాకపోతే మనిషికి జ్వరం. అప్పుడు బండి నాయుడికి చూడమని అప్పగించి, ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్ళి పలకరించి వచ్చేది. తనేదో గొప్ప పని చేస్తున్నానని ఆమె అనుకోలేదు. బట్టలు రాలేదు, కనుక్కోవాలి, అంతే.

ఇక మృదుల గురించి చెప్పాలి. హైదరాబాదు నుంచి వచ్చింది. ముప్పై మూడో ముప్పై నాలుగో ఉంటాయి. కంప్యూటరు ఉద్యోగం. మా చెట్టు ఎదురు మేడ మీద గది అద్దెకు తీసుకుంది. నుదుటి మీద కుట్ల మచ్చ కొత్తగా ఉంది. ఏడాదిగా రాత్రికి రెండు గంటలు మించి నిద్ర లేక, ఒకనాడు ఆఫీసు మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయిందట. ఇంకోసారి ఇలా జరిగితే కుట్లతో పోదని డాక్టరు గట్టిగా చెప్పాడు. చిన్న ఊళ్ళో ఉంటే మనసు కుదుటపడుతుందని ఎక్కడో చదివి, ఆరు నెలలు ఎక్కడినుంచైనా పని చేసుకునేలా ఆఫీసులో అడిగి, తల్లి చిన్నప్పుడు చదువుకున్న ఊరని సాలూరు వచ్చింది. మనుషులు ఊరు మారితే అలవాట్లు పాత ఊళ్ళోనే ఆగిపోతాయనుకుంటారు. అవి లగేజీలోనే వచ్చి, ఆమెకన్నా ముందు గదిలో సర్దుకున్నాయి.

మొదటిరోజు పది చొక్కాలు పట్టుకొచ్చి సాయంత్రానికి కావాలంది. సూరమ్మ మూట విప్పి చూసింది. అన్నీ పైన వేసుకునేవే. ప్యాంటు లేదు, చున్నీ లేదు, చీర అసలే లేదు.

"కింది బట్టలేవమ్మా?"

"అవసరం లేదండీ. మీటింగులో పై భాగమే కనిపిస్తుంది."

సూరమ్మకి అర్థమయ్యేసరికి కొంతసేపు పట్టింది. అంటే ఈ పిల్ల గడప దాటదు. ఆమె తొమ్మిది చొక్కాలు తిరిగి మూటగట్టి ఇచ్చేసింది. "పనెక్కువున్నాదమ్మా. రోజుకోటి తెండి. ఉన్నపలంగా సేసిచ్చేస్తాను" అంది. ఆ రోజు బండి మీద ఉన్నవి నాలుగు పంచెలు, రెండు లంగాలు. నేను చూస్తూనే ఉన్నాను.

అలా మృదుల రోజూ ఎనిమిదింటికి మెట్లు దిగడం మొదలైంది. మొదటి మూడు రోజులు నిలబడే ఉంది. బొటనవేలితో ఫోను తోసుకుంటూ మధ్యలో తలెత్తి "ఇంకా ఎంతసేపు?" అంది. నా పిడి ఝల్లుమంది. జోగారావు గారే ఆడపుట్టుక పుట్టి వచ్చారేమో అనుకున్నాను.

"బొగ్గులు రాజుకోవాల కదమ్మా. కూకోండి" అంది సూరమ్మ.

నాలుగో రోజు కూర్చుంది. రెండో వారంలో వీపు వెనక్కి వాల్చింది. నాయుడు చదివే వార్తల్లో ఒకటి రెండు వినడం మొదలుపెట్టింది. ఒక ఉదయం ఒరిస్సా సరిహద్దులో ఏనుగులు అరటితోటలో పడ్డ వార్త చదువుతుండగా ఆమె తల పక్కకి వాలింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. నాయుడు చదవడం ఆపితే సూరమ్మ సైగ చేసింది, ఆపొద్దని. ఆయన గొంతు తగ్గించి ఏనుగుల్ని పూర్తిచేసి, చిట్‌ఫండ్ ప్రకటన కూడా చదివేశాడు. పావుగంట తరవాత ఆమె ఉలిక్కిపడి లేచి, "సారీ అండీ, కళ్ళు మూతపడ్డాయి" అని సిగ్గుపడింది.

అప్పటినుంచి రోజూ అంతే. ఒక నెలకి ఆమె కళ్ళ కింద నలుపు తగ్గింది. నేను చొక్కా మీద నడుస్తుంటే కాలరు నుంచి వచ్చే తలనొప్పి మందు వాసన కూడా పోయింది. రాత్రిళ్ళు ఐదు గంటలు పడుకుంటున్నానని ఒకరోజు తనే సంతోషంగా చెప్పింది. ఫోనులో చూసి చేస్తున్న ఆసనాల వల్లేనని ఆమె నమ్మకం. సూరమ్మ కొండగాలి అంది. నాయుడు నీళ్ళన్నాడు. ఎదురుగా బొగ్గులు నములుతూ నేనున్నాను, నన్ను ఎవరూ అడగలేదు.

అంత బాగున్నప్పుడే ఆమె తప్పు చేసింది. తప్పంటే చెడ్డ బుద్ధితో చేసింది కాదు. సూరమ్మ కుడి భుజం ఏళ్ళుగా నొప్పి. నన్ను ఎత్తి దించి వచ్చిన నొప్పి అది, నేను కాదనలేను. సాయంత్రాలు ఆమె భుజానికి వేడి ఉప్పు మూట పెట్టుకుంటుంటే నాకు తల ఎత్తబుద్ధి అయ్యేది కాదు. మృదుల అది చూసింది. దీపావళికి హైదరాబాదు నుంచి కొత్త కరెంటు పెట్టె తెప్పించింది. తెల్లగా, తేలిగ్గా, నీళ్ళు పోస్తే ఆవిరి వదిలేది. నాయుడి కొట్టు నుంచి తీగ లాగించి ప్లగ్గు కూడా పెట్టించింది.

"ఇక మీకు పొగ ఉండదు, నొప్పి ఉండదు. రోజూ అరగంట మిగులుతుంది" అంది.

సూరమ్మ మొగమాటస్తురాలు. అంత ప్రేమగా తెచ్చినదాన్ని ఎలా కాదంటుంది? ఆ సాయంత్రమే నన్ను బూడిద దులిపి, బండి కింద అరలో గంజి డబ్బా పక్కన పెట్టింది. పెడుతూ ఒకసారి నా మూత మీద చెయ్యి వేసింది. నాకు ఏడుపొచ్చింది. ఇత్తడికి ఏడుపేమిటని మీరు నవ్వొచ్చు.

మర్నాటి నుంచి మృదుల చొక్కా రెండు నిమిషాల్లో అయిపోయేది. ఆమె కూర్చునేదే కాదు. మిగిలిన అరగంటలో ఎనిమిదిన్నరకి ఇంకో మీటింగు పెట్టుకుంది. సూరమ్మకీ టైము మిగిలింది కాబట్టి మరో రెండు వీధుల బట్టలు ఒప్పుకుంది. భుజం నొప్పి నిజంగానే తగ్గింది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కానీ మూటలు పెరిగాక ఏ ఇంటి బట్టలు వచ్చాయో, ఏవి రాలేదో చూసే తీరిక పోయింది. సీటు మీద జనం పలచబడ్డారు. నాయుడు కొన్నాళ్ళు తనలో తనే పేపరు చదువుకుని, తరవాత కొట్టులోనే ఫ్యాను కింద కూర్చోవడం మొదలుపెట్టాడు.

సంక్రాంతి వెళ్ళి, మాఘమాసపు ఎండ ముదురుతున్న రోజుల్లో ఒక ఉదయం మృదుల చొక్కా ఇస్తూ చెప్పింది.

"నేను వెళ్ళిపోతున్నానండీ. మధ్యలో కొన్నాళ్ళు నిద్ర పట్టింది, మళ్ళీ పోయింది. ఎక్కడున్నా ఇదే అయితే ఇక్కడెందుకు? రేపు పదింటికి ఆఫీసు వాళ్ళతో ఫోనులో మాట్లాడాలి. హైదరాబాదు వచ్చేస్తానని చెప్పేస్తాను."

"మరి ఆ డాట్రు సెప్పింది?"

మృదుల నుదుటి మచ్చ రుద్దుకుని నవ్వేసింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆమె మేడెక్కాక సూరమ్మ ఆ చొక్కా మీద నీళ్ళు చిలకరించి కరెంటు పెట్టె ఆనించింది. ఆవిరి లేచింది. దానితోపాటు మళ్ళీ తలనొప్పి మందు వాసన కింద అరలో ఉన్న నాదాకా వచ్చింది. సూరమ్మ చెయ్యి ఆగిపోయింది. చొక్కా ఎత్తి కాలరు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తరవాత రోడ్డు దాటి కొట్టు ముందు నిలబడి అడిగింది.

"నాయుడు బావా, ఆ పిల్ల నిద్దరోయినప్పుడు ఎక్కడ నిద్దరోయేది?"

"ఇదేం సోద్దెం. మన సీటు మీదే కదేటి, నాను పేపరు సదువుతుంటే."

"మరిప్పుడు సదవట్లేదు కదా నువ్వు."

"ఎవులికి సదవమంటావు? ఎవులు కూకుంటన్నారు?"

ఇద్దరూ ఒకేసారి సీటు వైపు చూశారు. దాని మీద సూరమ్మ కొత్త వీధుల మూటలు నాలుగు కూర్చుని ఉన్నాయి. ఆ సాయంత్రం ఆమె ఆ మూటలు దించి సీటు తడిగుడ్డతో తుడిచింది.

మర్నాడు మృదుల తొమ్మిదింటికి వచ్చింది. చేతిలో నీలం చొక్కా, రెండో చేతిలో ఫోను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కొంచెం తొందరగా అండీ. పదింటికే."

"కరెంటు పోనాదమ్మా" అంది సూరమ్మ.

మృదుల రోడ్డుకి అవతల చూసింది. నాయుడి కొట్టులో ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. ట్యూబులైటు వెలుగుతోంది. రేడియోలో రైతులకు సలహాలు వస్తున్నాయి. ఆమె తలతిప్పి మళ్ళీ సూరమ్మ వైపు చూసేంతలో నాయుడు లేచి నిలబడ్డాడు. మెయిన్ స్విచ్చి దగ్గరికి వెళ్ళి, పట్టుకుని దించేశాడు. ఫ్యాను ఆగింది. రైతులు మధ్యలో ఆగారు.

"ఇప్పుడే పోనాది" అన్నాడు గట్టిగా. పేపరు తీసుకుని వచ్చి సీటు చివర కూర్చున్నాడు.

సూరమ్మ కింద అరలోంచి నన్ను తీసింది. మూడు నెలల దుమ్ము కొంగుతో తుడిచింది. బొగ్గులు పోసి, నిప్పు పెట్టి, "కూకోండమ్మా, రాజుకోవాల" అంది. వేరే దారి లేక మృదుల కూర్చుంది. నాయుడు పేపరు తెరిచాడు. పెన్షన్ల వార్త, వంతెన వార్త, పార్వతీపురం దగ్గర ఆవుకి కవలలు పుట్టిన వార్త చదివాడు. కవలల్లో రెండోది లేచి నిలబడేలోపే మృదుల తల వెనక్కి వాలిపోయింది.

సూరమ్మ విసనకర్ర తీసుకుంది. నేను అలవాటుగా గాలి కోసం చూశాను. గాలి నావైపు రాలేదు. ఆమె ఆ పిల్ల వైపు తిరిగి విసురుతోంది.

పదింటికి ఒళ్ళో ఉన్న ఫోను గుర్రుమంది. సూరమ్మ కంగారుగా తీసింది కానీ దాన్ని ఎలా ఆపాలో తెలియలేదు. నాయుడికీ తెలియలేదు. ఆమె దాన్ని ఇస్త్రీకి వచ్చిన నాయుడి పంచెలో చుట్టి, పంచెని దుప్పట్లో చుట్టి, దుప్పటిని మూటలో పెట్టి గట్టిగా ముడేసింది. మూట చాలాసేపు లోపల సణుగుతూనే ఉంది. బట్టల కోసం వచ్చినవాళ్ళని నాయుడు పేపరు ఊపి దూరం నుంచే పంపేశాడు. స్పేర్ పార్టుల బేరాలు రెండు పోయాయి. ఒకామె వెళ్ళకుండా దగ్గరికి వచ్చి, నిద్రపోతున్న మొహం చూసి, తన గొడుగు విప్పి ఎండ పడుతున్న వైపు కొమ్మకి తగిలించి వెళ్ళింది. సూరమ్మ చెయ్యి మార్చి చెయ్యి మార్చి విసురుతూనే ఉంది. నొప్పి భుజం వంతు వచ్చినప్పుడు పళ్ళ బిగువున విసిరింది.

నేను మెల్లగా రాజుకున్నాను. నా అడుగు కాలింది. సిద్ధంగా ఉన్నానని చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా ఆ పూట చెప్పేదాన్ని కాను. ఎర్రటి బొగ్గులు నారింజ రంగుకి దిగాయి, తరవాత నలుపయ్యాయి, తరవాత తెల్లబడ్డాయి. ఇన్నేళ్ళలో ఒక్క బట్ట కూడా తాకకుండా చల్లారిపోవడం నాకు అదే మొదలు. నాకేమీ చిన్నతనం అనిపించలేదు.

పన్నెండు దాటాక మృదుల కళ్ళు తెరిచింది. కాసేపు ఎక్కడుందో తెలియలేదు. చెంప మీద లారీ సీటు కుట్ల గీతలు పడ్డాయి. పైన గొడుగు చూసింది, ఎండ చూసింది, ఒళ్ళో వెతుక్కుంది. మొహం పాలిపోయింది.

"టైమెంతయింది? ఫోనేది? నన్నెందుకు లేపలేదు?"

నాయుడు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అది తలకిందులుగా ఉంది. సూరమ్మ విసనకర్ర దించి, నీలం చొక్కా బండి మీద పరిచి, ముడతలు చేత్తో సాపు చేసింది.

"నీ సొక్కా ఇంకా అవలేదు కద తల్లీ" అంది. "బొగ్గులు రాజుకోలేదు."

మృదుల లేచి బండి దగ్గరికి వచ్చింది. నా మూత ఎత్తి లోపలికి చూసింది. తెల్లటి బూడిద తప్ప ఏమీ లేదు. దాని మీద ఆమె వేలు పెట్టింది. చల్లగా ఉంది. ఆమె సూరమ్మ చెమట పట్టిన మొహం వైపు, పక్కన పెట్టిన విసనకర్ర వైపు చూసింది. ఆమె కళ్ళు నిండాయి. నా మూత నెమ్మదిగా మూసింది.

"అయితే ఇంకాసేపు కూర్చుంటాను పిన్నీ" అంది.